మా చెల్లికి చదివి పెట్టేదాన్ని

మా చెల్లి టీవీలో కనిపించగానే పక్కవాటా ఆవిడ గోడ మీద తడుతుంది. నేనూ చూస్తూనే ఉన్నానని తెలిసినా తడుతుంది. "మీ చెల్లెలు కడుపుబ్బ నవ్విస్తోందండీ" అంటుంది. ఆ నవ్వులో నాకూ పాలుందని ఆవిడకు తెలియదు. చెప్తే ఓర్వలేనిదాన్ననుకుంటుంది. అనుకున్నా తప్పు లేదు.

చెల్లి జుట్టు నెరిసేదాకా స్టూడియోలో, దుస్తుల గదిలో గుండీలు కుట్టింది. ఒకనాడు హాస్య సీరియల్లో అత్తగారి వేషం వేసే నటి అలిగి వెళ్ళిపోయింది. ఆమె బట్టలు కుట్టింది మా చెల్లే, దానికే సరిపోయాయి. "అమ్మా, ఈ ఒక్క సీనులో నిలబడి తిట్టండి, చాలు" అన్నాడట దర్శకుడు. తిట్లకు మా ఇంట్లో ఏనాడూ కరువు లేదు. ఆ ఒక్క సీనూ ఇవాళ్టికీ అయిపోలేదు.

దానికి చదువు అంటలేదు. నేనైతే కొట్టు నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. అందుకని సాయంత్రం వంటగదిలో నేను డైలాగులు చదివేదాన్ని. అది కూరలు తరుగుతూ విని అప్పజెప్పేది. దాని చెవి విన్నది విన్నట్టు పట్టేస్తుంది, మధ్యలో నేననే మాటలతో సహా.

ఒకరోజు, "కోడలా, తాళాలెక్కడ పెట్టావు? ఉండవే, కళ్ళజోడు జారుతోంది. ఎక్కడున్నాను నేను?" అని చదివాను. మర్నాడు కెమెరా ముందు అది పొల్లు పోకుండా మొత్తం అనేసింది, ముక్కు మీద లేని కళ్ళజోడు ఎగదోసుకుంటూ. అక్కడున్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారట. అప్పట్నుంచి "ఎక్కడున్నాను నేను" అంటే చాలు, వీధివీధంతా నవ్వుతుంది. నాకు మాత్రం, ఎవరో నా పెట్టె తెరిచి నా బట్టలు కట్టుకుని ఊరేగుతున్నట్టుంటుంది.

నిన్న అది సంచి సర్దుతూ కనిపించింది.

"వేరే ఊళ్ళో సెట్టు వేశారక్కా. చలికాలమంతా అక్కడే."

"మరి చదివేదెవరు?"

"ఎవరో అమ్మాయి చదివి ఫోనులో పంపింది. విను."

విన్నాను. ప్రతి మాటా ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టినట్టుంది. చెల్లి తలూపుతూ వింటోంది. కూరలు నేను తరుగుతున్నాను.

"తేనె పూసినట్టుంది గొంతు" అన్నాను.

"కుళ్ళుకోకు."

"నాకెందుకే కుళ్ళు? హాయిగా ఉంది. నిద్రొస్తోంది."

అది ఫోను ఆపి అప్పజెప్పింది. తప్పు లేదు. నవ్వూ లేదు. దానికీ తెలిసింది కాబోలు, కుర్చీ నా దగ్గరికి లాక్కుంది.

"నువ్వే చదువక్కా. ఫోనులో పట్టుకెళ్తాను."

వెళ్ళొస్తానని చెప్పి రానివాళ్ళు నా బతుకులో చాలామంది ఉన్నారు. ఇది మాత్రం ఎంత పేరొచ్చినా డైలాగుల కోసం సాయంత్రానికి ఈ వంటగదికి రావలసిందే. నా గొంతు సంచిలో వేసుకున్నాక ఇక నాతో పనేముంది?

"గొంతు పట్టేసింది" అన్నాను.

"పొద్దున పాలవాణ్ణి తిట్టినప్పుడు బాగానే ఉందిగా."

"ఆ తేనె గొంతుదే చదువుతుందిలే."

"ఆ అమ్మాయికి కళ్ళజోడు జారదు కదక్కా."

కత్తి పక్కన పెట్టాను. "అయితే అది నా మాటని నీకు తెలుసన్నమాట."

"తెలీకేం? మా అక్క మాటని అక్కడ అందరికీ చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"చూశావా, దానికీ నిన్ను చూసే నవ్వారు."

కాగితాలు తీసుకుని చదివాను. దగ్గాను, కళ్ళజోడు తుడుచుకున్నాను, పాలు పొంగుతాయేమో చూడమన్నాను. ఫోను అన్నీ మింగింది. చివరి సీను కాగితం మాత్రం తొడ కింద పెట్టుకుని "అయిపోయింది" అన్నాను.

చెల్లికి చదవడం రాదు గానీ కళ్ళు బాగానే కనిపిస్తాయి. నా తొడ వైపు చూసింది. ఫోను ఆపింది.

"ఆ సీను తీసేముందు నన్నోసారి ఇంటికి పంపమని అడుగుతాను" అంది సంచి మూసేస్తూ.

"పంపకపోతే?"

"అలిగి వచ్చేస్తాను. దుస్తుల గదిలో ఇంకొకావిడ ఉందిలే. నా బట్టలు ఆవిడకి సరిపోతాయి."

చెల్లి హాస్యానికి అంటోందో, నిజంగానే అంటోందో దాని మొహం చూస్తే తెలియలేదు. టీవీలోనూ అంతే.

"ఆవిడకి చదవడం వచ్చా?" అన్నాను.

"వచ్చు."

అయినా తొడ కింది కాగితం తీయలేదు నేను.