దగ్గితే వెలిగే లైటు

మనిషి అలికిడైతే తనంతట తానే వెలిగే ఆ లైటును అయిజలో జయరాజు ఇంటి గోడకు బిగించింది ఇటిక్యాల వియ్యంకుడు స్టీఫెన్. పోతూ పోతూ, "బావా, మా ఇంట్ల గుడ గిసొంటిదే పెట్టిన. జర పైలం," అన్నాడు.

"నా చేతులున్నన్ని దినాలు దానికేం గాదు," అని జయరాజు మాట ఇచ్చేశాడు. పుణె, బొంబాయి తిరిగి ముప్పై ఏళ్లు మేస్త్రీ పని చేసినవాడు మరి, ఆ మాత్రం అనకుండా ఉంటాడా?

అయిజ ఎండకు మేస్త్రీలంటే లెక్కేముంది? రెండు వేసవులు తిరిగేసరికి, మనిషిని కనిపెట్టే కన్ను మీద ఉండే తెల్ల ప్లాస్టిక్ మూత పచ్చబడి, వేలు తగిలితే అప్పడంలా విరిగింది. సరిగ్గా ఆ రోజే స్టీఫెన్ ఫోన్ చేసి, ఆదివారం సాయంత్రం వస్తున్నానన్నాడు.

మూత పోతే పోయింది, ఇచ్చిన మాట పోతే? జయరాజుకు అన్నం సహించలేదు. పగుళ్లకు ఆయన ఎరిగిన మందు ఒక్కటే. తెల్ల సిమెంటు కలిపి మూత మీద నున్నగా మెత్తాడు. ఆపైన తడి గోనె చుట్టి, పూటపూటా చెంబుతో నీళ్లు చల్లసాగాడు.

"కరెంటు వస్తువుకు నీళ్లేందయ్యా?" అంది భార్య సత్యమ్మ.

"స్విచ్చు బంద్ జేసిన. క్యూరింగ్ లేకుంటే పగుల్తది. నీకు తెల్వదు, ఊకో."

ఆదివారం పొద్దుగూకే వేళకు గోనె విప్పి స్విచ్చు వేశాడు. లైటు నిమిషంపాటు వెలిగి ఆరిపోయింది. ఇక దాని ముందు నడిచాడు, చేతులూపాడు, ఆ వయసులో గంతులు కూడా వేశాడు. సిమెంటు వెనకనున్న కన్నుకు ఏం కనబడుతుంది?

"మంచిగున్నదాన్ని గుడ్డిదాన్ని జేసినవ్," అంది సత్యమ్మ.

"స్విచ్చు ఆపి వేస్తే నిమిషం వెలుగుతది గద. నువ్వు లోపల స్విచ్చు కాడ నిలబడు. నేను దగ్గితే వెయ్యి."

స్టీఫెన్ గేటు తీశాడు. జయరాజు దగ్గాడు. లైటు వెలిగింది. స్టీఫెన్ దాన్ని ఎగాదిగా చూసి, మళ్లీ గేటు దాకా పోయి వచ్చాడు. దగ్గు. వెలుగు. రెండోసారి అది ఆరిపోయాక ఆయన కదలకుండా నిలబడి, తనే చిన్నగా దగ్గాడు.

లైటు వెలిగింది.

జయరాజుకు భూమి చీలితే అందులోకి పోదామన్నంత సిగ్గేసింది.

"చెల్లె స్విచ్చు కాడ ఎన్ని దినాల సంది నిలబడుతున్నది, బావా?" అన్నాడు స్టీఫెన్ నెమ్మదిగా.

"ఈ పొద్దే. మూత ఎండకు పోయింది. సిమెంటు పెట్టి ఇంకా ఖరాబ్ జేసిన. నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయిన."

స్టీఫెన్ అరుగు మీద చతికిలబడ్డాడు. "నువ్వే నయం. మా ఇంటామె దేవమ్మ స్విచ్చు కాడ కూసోబట్టి మూడు నెలలాయె. మా ఇంటికి ఎవరన్న వస్తే నేను తుమ్ముత. నీది మంచిగుంటే ఎట్ల కాపాడినవో అడుగుదామనే వచ్చిన."

జయరాజు గుండె మీది బండ దిగిపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వీ నవ్వీ పొలమారి నిజంగానే దగ్గు అందుకుంది. అది ఎంతకీ ఆగలేదు. లోపల సత్యమ్మ ఒక్క దగ్గు కూడా వదలకుండా స్విచ్చు ఆపుతూ వేస్తూనే ఉంది.