ఖాళీ బండి బరువు

జాక్ పిడిని నొక్కీ నొక్కీ అతని భుజాలు లాగేస్తున్నాయి. బండి బెత్తెడు లేచేది. చెమట తుడుచుకునేలోగా మళ్ళీ మెల్లగా కిందికి దిగిపోయేది. జాక్ అడుగున నూనె కారి మట్టి నల్లబడింది.

"ఏమండీ, ఇల్లు ఊయలూగుతోంది" అంది భార్య లోపలినుంచి.

"జాక్ పోయిందే. కొత్తది తెస్తాను, కదలకుండా పడుకో."

"కదిలే ఓపికే ఉంటే నేనే వెళ్ళి తెచ్చేదాన్నిగా!"

ఊరూరా తిరిగి కుట్టు మిషన్లు బాగుచేయడం అతని పని. పాత వ్యానులో మంచం, పొయ్యి బిగించి దాన్నే ఇల్లు చేసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఇద్దరూ అందులోనే. ఆమె ఊపిరితిత్తులు పాడైపోయాయి. డాక్టర్లు చేతులెత్తేశాక ఆమె ఒకే ఒక్కటి అడిగింది, చెల్లెల్ని చూడాలని. ఆటోలో తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. "చక్రాలున్న ఇల్లు పెట్టుకుని పరాయి బండెక్కాలా?" అంది. చెల్లెలి ఊరు ఇంకా సగం దూరముండగా వెనక టైరు పగిలింది.

దగ్గరి ఊళ్ళో బండి సామాన్ల కొట్టు నడిపే ఆవిడ గల్లాపెట్టె ముందు కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది.

"బండి ఎంత బరువు బాబాయ్?"

కాగితాల్లో రాసున్నది చెప్పాడు.

"అది ఖాళీ బండి. మరి లోపల?"

అతను ఆలోచించాడు. మంచం, పొయ్యి, నీళ్ళ డబ్బాలు, ఇనుప సామాను పెట్టెలు. ఇన్నేళ్ళలో ఇంట్లోకి వచ్చిందే గాని బయటికి పోయింది లేదు. "మా ఆవిడ కూడా ఉందమ్మా" అన్నాడు చివరికి.

ఆమె పల్లీలు పక్కన పెట్టింది. అడుగు వెడల్పుగా ఉన్న గట్టి జాక్ ఒకటి, ఇనుప స్టాండు ఒకటి తీసి ముందు పెట్టింది. "జాక్ ఎత్తడానికే. మోయడానికి ఈ స్టాండు. మెత్తటి నేలైతే కింద చెక్క పెట్టు. మనిషిని మాత్రం ముందే దింపెయ్యాలి."

"ఆవిడ కదల్లేదమ్మా."

"కదల్లేని వాళ్ళకైనా దగ్గొస్తుంది కదా బాబాయ్. బండి ఒక్క ఊపు ఊగిందంటే జారుతుంది."

భార్య దగ్గితే బండి గోడకు తగిలించిన గిన్నెలు మోగడం అతనికి తెలుసు. మనిషుండగా ఎత్తే జాక్ ఏదైనా ఉందేమోనని కొట్టంతా ఒకసారి కలియజూశాడు. ఇనుమును అడిగితే ఏం చెబుతుంది!

బండి దగ్గరకొచ్చి సంగతి చెబితే భార్య నవ్వింది. "పెళ్ళినాడే ఎత్తుకోని మనిషి, ఇప్పుడెత్తుతాడట!"

"అప్పుడు నేను మోయగలిగేలా ఉన్నావా నువ్వు?"

దుప్పటితో సహా ఎత్తుకుని దిగాడు. కొట్టునుంచి జాక్ మోసుకొచ్చినంత బరువు కూడా అనిపించలేదు. దానికే భయం వేసింది. ముందే దించి రోడ్డు పక్క నీడలో వేసిన చెక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె ఎండనీ, పోయే బండ్లనీ కొత్తగా చూసింది.

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. జాక్ కింద చెక్క సర్దాడు.

"వంకరగా ఉంది, కాస్త ఇటు" అంది ఆమె.

"సరే మేస్త్రీ గారూ."

బండి లేచింది. ఈసారి దిగలేదు. కిందికి స్టాండు తోసి, నట్లు విప్పాడు.

"సాయంత్రానికి మీ చెల్లెలి గుమ్మంలో ఉంటాం."

"ఊఁ."

"నన్ను చూడగానే తిట్టడం మొదలెడుతుంది, చూడు."

తిరిగి చూస్తే ఆమె తల వాల్చి ఉంది. నిద్ర పట్టిందనుకున్నాడు. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర. చప్పుడైతే లేస్తుందని నట్లను ఒక్కొక్కటిగా గుడ్డమీద పెట్టాడు. పానా జారి మోగితే నాలుక కరుచుకున్నాడు. వేరే చక్రం బిగించి, స్టాండు తీసి, జాక్ దించి, చేతులు తుడుచుకుని దగ్గరకెళ్ళాడు.

"లేవవే, పోదాం."

ముక్కు దగ్గర వేళ్ళు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. చుట్టూ చూశాడు. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

మళ్ళీ ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి మెడదాకా కప్పాడు. ఎక్కడికి పోవాలో తోచలేదు. చెల్లెలి ఊరి దారే పట్టాడు. దారంతా గుంతలు. కుదుపుకి దగ్గొస్తుందేమోనని ప్రతి గుంత దగ్గరా బండిని మెల్లగా దించాడు.

రోడ్డు పక్క కుర్చీ అలాగే ఉండిపోయింది, ముందుకాళ్ళు రెండూ మెత్తటి మట్టిలోకి కాస్త దిగబడి.