ఉమ్మనీరు పట్టిన సీసా

నేను ఒక గాజు సీసాను. ఊరగాయ పెట్టుకునే సీసాలతో నన్ను కలపకండి. నా మూతికి రబ్బరు బిరడా, అందులో రెండు గొట్టాలు, ఒంటి మీద అడుగు నుంచి మెడ దాకా ఎర్రగీతలు ఉంటాయి. రోగి ఒంట్లోంచి తీసిన నీటిని పట్టి, ఎంత వచ్చిందో చూపించడం నా పని. ఉత్తరాదిన ఎక్కడో కొలిమి దగ్గర నన్ను ఊదినవాడికి నేనెందుకో తెలియదు. గీతలు వేసిన అమ్మాయి మాత్రం నన్ను వెలుతురుకు పట్టి చూసి, ఒక గీత వంకర పోయిందని తుడిచి మళ్ళీ వేసింది. ఎవరూ అడగకుండానే వేసింది.

విజయనగరంలో ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన నన్ను చాలాకాలం వాడాడు. పని మానుకునేటప్పుడు తన శిష్యురాలు విశాలాక్షికి ఇచ్చాడు. ఆమె ఒక చిన్న పట్నంలో కాన్పుల ఆసుపత్రి నడుపుతోంది. అక్కడి నర్సు మార్తమ్మ, నేను నిండుతుంటే నా మీద గుడ్డ కప్పేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఒంట్లో ఉన్నంతసేపూ మోస్తారు, బయటికొస్తే చూడలేరు.

హైమను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. కడుపులో కవలలు. కడుపు పెద్దదైందని ఊరంతా మురిసింది గానీ, గాజులు తొడిగిన నాడు ఆ పిల్ల ఊపిరాడక పీట మీద కూర్చోలేకపోయిందట.

డాక్టరు విశాలాక్షి స్కాన్ చేసి, పక్కనున్న అత్త పారమ్మతో నెమ్మదిగా చెప్పింది. "ఇద్దరికీ మాయ ఒకటే. రక్తం సమానంగా పంచుకోవడం లేదు. పెద్దబిడ్డకి ఎక్కువ పోయి, చుట్టూ ఉమ్మనీరు ఊరిపోతోంది. చిన్నబిడ్డ చుట్టూ నీరే లేదు, పక్కకి అతుక్కుపోయి ఉంది. హైదరాబాదులో లేజరుతో ఆ పంపకం సరిచేస్తారు గానీ, దానికి నెలలు దాటిపోయాయి. నీరు తీస్తే ఇద్దరికీ కొంత ఊపిరి. తీయకపోతే ఏ క్షణమైనా కాన్పు వచ్చేస్తుంది. ఇప్పుడు పుడితే దక్కడం కష్టం."

"అలాగైతే ఒక్కసారే తీసీండమ్మా," అంది పారమ్మ.

"ఒక్కసారి లాగితే మాయ ఊడొస్తుంది."

నన్ను మంచం కంటే కిందుగా ఒక పీట మీద పెట్టారు. డాక్టరు స్కాన్ తెర చూస్తూ పొడవాటి సూది గుచ్చింది. లేత కొబ్బరినీళ్ళ రంగు నీరు సన్నటి ధారగా నాలోకి దిగింది. ఒక్కో గీత మునుగుతోంది.

సగం నిండానో లేదో, హైమ మంచం అంచు పట్టుకుంది. "అమ్మగారూ, నడుం పట్టేత్తంది."

డాక్టరు గొట్టం నొక్కేసింది. ధార ఆగింది. చెయ్యి వేస్తే కడుపు రాయిలా ఉంది. అప్పుడు ఆమె హైమ పెదవులు చూసింది, పగిలి తెల్లగా ఉన్నాయి. "నీళ్ళెప్పుడు తాగావు?"

హైమ అత్త వైపు చూసింది.

"పెదాలు తడుపుతున్నానమ్మా, అంతే," అంది పారమ్మ, మంచి పని చేసినదాని ధీమాతో. "కడుపులో అన్ని నీల్లుంటే మల్లీ పైనుంచి పోత్తారేటి?"

"ఓలమ్మ, అది కడుపనుకున్నావా, కుండనుకున్నావా?" అంది మార్తమ్మ, సెలైను సూది కోసం నరం వెతుకుతూ.

"తాగిన నీళ్ళు తిన్నగా అక్కడికి పోవు," అంది డాక్టరు. "ఆ నీరు చాలావరకు బిడ్డ ఉచ్చపోసుకున్నదే. తల్లి ఒళ్ళు ఎండితే నొప్పులు రేగుతాయి."

పారమ్మ ముఖం పాలిపోయింది. హైమ పళ్ళ బిగువున అంది, "అత్తనేటీ అనకండమ్మా. నాకు దాహమేత్తదని నా ఎదురుగా తనూ తాగనేదు."

డాక్టరు చెంచా, గ్లాసు పారమ్మ చేతికిచ్చింది. ఒక చెంచా హైమకు పట్టి పారమ్మ ఆగింది. "నువ్వూ తాగత్తా," అంది హైమ. పారమ్మ తాగింది. గొంతు దిగేదాకా కోడలినే చూస్తూ తాగింది.

నొప్పి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. సగం నీటితో నేను ఎదురుచూశాను. నొప్పులాపే మందు ఎక్కింది, సెలైను దిగింది. చివరికి డాక్టరు అరచేతి కింద కడుపు మెత్తబడింది. గొట్టం వదిలారు. ఆఖరి గీత దాకా నిండాక స్కాన్ పెడితే, చిన్నబిడ్డ ఒక కాలు చాపింది.

"ఈ నీల్లన్నీ..." అని పారమ్మ నా మీద గుడ్డ ఎత్తి చూసింది.

"నీ మనవడిదో, మనవరాలిదో," అంది మార్తమ్మ.

పారమ్మ ముక్కు మూసుకోలేదు. ఆ ఆసుపత్రిలో నన్ను అంత ప్రేమగా చూసినవాళ్ళు వేరే లేరు.

ఆ తర్వాత మరోసారి నీరు తీశారు. కొన్ని వారాలు నెట్టుకొచ్చారు. ఇప్పుడు నా పని ప్లాస్టిక్ సంచులు చేస్తున్నాయి. నేను పాత సామాను గదిలో, విరిగిన త్రాసు పక్కన ఉన్నాను. తీరిగ్గా తలుచుకునేది హైమ కాన్పు రోజే.

ఆవేళ నన్ను కడిగి కాన్పుగది గోడకివతల బోర్లించారు. పారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడింది. మొదటి ఏడుపు గట్టిగా వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. చిన్న వీపును ఎవరో తువ్వాలుతో ఆపకుండా రుద్దుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. చాలాసేపటికి పిల్లికూత లాంటి సన్నటి ఏడుపు.

పారమ్మ గోడకు రెండు చేతులూ ఆనించింది. "ఇంకోపాలి ఏడువమ్మా," అంది.

లోపల ఆ చిన్నది ఇంకోసారి ఏడ్చింది.