బస్సెక్కి వచ్చిన పిల్లలు

పిల్లల కోసం అతను రాసిన మొదటి నాటకం మూడో సీనులోనే చతికిలబడింది. ఏనుగు వేషగాడు నిజాయితీ గురించి రెండు పేజీల నీతులు చెబుతుంటే, పిల్లలు ఒకరి వెనక ఒకరు చిటికెన వేలు చూపించి బయటికి పోయారు. ఇంటికి రాగానే అతను కాగితాలన్నీ అటక మీద పడేశాడు.

భార్య ఊరుకుంది గాని అత్తగారు ఊరుకోలేదు. బళ్లో ముప్పై ఏళ్లు ఆయాగా చేసిన మనిషి. స్టూలెక్కి కాగితాలు తనే దింపింది.

"ఏమీ అనుకోకండి బాబూ. వెనక కూర్చుని నేను పిల్లల్నే చూశాను. పిల్లి కిటికీలోంచి దూకినప్పుడు ఒక్కడూ కదల్లేదు. ఏనుగు నీతులు మొదలెట్టగానే బిలబిలమంటూ లేచారు."

"మంచి మాటలు చెప్పొద్దా అత్తయ్యా?"

"చెప్పండి. ముందు ఆ ఏనుగుని ఏదో ఒక చిక్కులో పెట్టండి. చిక్కులో ఉన్నవాణ్ణి వదిలేసి ఏ పిల్లాడూ బయటికి పోడు."

అతనికి ఒళ్లు మండింది. పిల్లల ముక్కులు తుడిచిన ఆవిడ తనకు నాటకం నేర్పడమా! అయినా మర్నాడు పొద్దున్నే కూర్చుని ఆ రెండు పేజీలూ కొట్టేశాడు. నాటకం మళ్లీ ఆడినప్పుడు, కొత్త సీనులో ఏనుగు స్నేహితుడి ఇంట్లో దూరి అరటిపళ్లన్నీ మింగేసింది. "నేనేం తినలేదు" అంటూ బయటికి రాబోతే పొట్ట గుమ్మం దాటలేదు. "తిన్నానని చెప్పెయ్!" అని హాలంతా అరిచింది. ఆ రోజు ఒక్కరూ లేవలేదు.

ఆ తర్వాత ఇరవై రెండు నాటకాలు రాశాడు. ప్రతి మొదటి ప్రదర్శనకీ ఆవిడ వచ్చేది. "కాళ్లు ఊగుతుంటే విసుగొచ్చినట్టు, ఆగిపోతే కథలో ఉన్నట్టు" అనేది. కాళ్లు ఊగిన చోటల్లా అతను తిరగరాసేవాడు.

మొన్న ఆ నాటకాలన్నీ పుస్తకంగా వచ్చాయి. తొలి ప్రతి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆ మొదటి నాటకం అప్పుడు పెద్దవాళ్లందరూ బాగుందన్నారు అత్తయ్యా. మీరొక్కరే నిజం చెప్పారు."

"చెప్పేశాక భయమేసింది బాబూ. అల్లుడు అలిగితే నా పిల్ల కాపురం ఏం కాను అని."

ఈ సంగతి అతనికి ఇన్నేళ్లూ తెలియదు.

"అంత భయం పెట్టుకుని ఎందుకు చెప్పారు?"

"పాపం, నాటకం చూద్దామని అంత దూరం బస్సెక్కి వచ్చారు కదా పిల్లలు."

అతను పుస్తకంతో సహా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.