వాపస్ తీసుకోలేని తిట్టు

గౌలిపురలో గొడుగులు బాగుచేసే బాబూమియా, పక్క గల్లీ సుబ్రహ్మణ్యంతో మాట్లాడి నలభై రోజులైంది. సుబ్రహ్మణ్యం గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, అందుకే బాబూమియాకు 'పంతులు'. ముప్పై ఏళ్లుగా ప్రతి సాయంత్రం బాబూమియా దుకాణం బెంచీ మీద ఇద్దరూ చదరంగం ఆడేవారు. ఆ రోజు ఆట మధ్యలో, గల్లీలో స్పీడు బ్రేకరు ఎక్కడ వేయాలో బాబూమియా నలుగురికీ గంటసేపు ఉపదేశం చేస్తుంటే సుబ్రహ్మణ్యానికి ఒళ్లు మండి, "నువ్వేమన్న అఫ్లాతూన్‌వా?" అనేశాడు.

అంతే. అన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి గల్లీలో తిట్టే తిట్టు అది. సగంలో ఆగిన ఆట మీద బాబూమియా రొట్టెల బుట్ట బోర్లించి, ఎవరినీ ముట్టనివ్వలేదు. ఎత్తు తనది. ఒక్క ఎత్తులో అవతలి వజీరు ఎగిరిపోతాడు. పంతులు రాకపోతే ఆ గెలుపు బుట్ట కిందే పాడైపోతుందని దిగులు. నిజానికి దిగులు గెలుపు కోసం కాదు, మనిషి కోసం. ఆ ముక్క నోటితో చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది.

నలభై ఒకటో రోజు కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు ఫర్హీన్ చల్లగా చెప్పింది.

"దాదా, అఫ్లాతూన్ అంటే ప్లేటోనంట. యూనాన్, అదే గ్రీసు దేశం పెద్దమనిషి. రెండువేల ఏండ్లకెల్లి దునియా మొత్తం ఆయన్నే చదువుతుంది."

బాబూమియా చేతిలోని గొడుగు దానంతటదే తెరుచుకుంది. ఇన్నాళ్లూ తను పొగడ్తకు అలిగాడన్నమాట.

సరిగ్గా అప్పుడే, భార్య కోమలవల్లి పోరు పడలేక సుబ్రహ్మణ్యం వచ్చాడు.

"మియా, ఆ మాట వాపస్ తీస్కుంటున్న."

"ఎట్ల తీస్కుంటవ్ పంతులూ? ఇచ్చినవ్, ఇగ అది నాది."

"అరే, అది తిట్టు."

"కాదు. పిల్లనడుగు."

ఫర్హీన్ చెప్పింది విని సుబ్రహ్మణ్యం ఇంకా బిగుసుకున్నాడు. "అంత పెద్దోడా? గట్లయితే అస్సలియ్య. స్పీడు బ్రేకర్లు తప్ప నీకేం తెల్సు?"

"నయాపూల్ కోర్టు కాడికి పోయి నోటరీ చేపిద్దాం నడువ్. నేను అఫ్లాతూన్ అని సంతకం పెట్టు."

"పెట్ట," అని సుబ్రహ్మణ్యం వెనక్కి తిరిగాడు.

మళ్లీ నలభై రోజులు బాబూమియా వల్ల కాదు. ఏం చేయాలో తోచక మనవరాలిని అడిగాడు.

"బేటీ, ఆ అఫ్లాతూన్ ఏం పని జేస్తుండె?"

"సుక్రాత్ అని, సోక్రటీస్ అంటరు, ఆయనకో గురువుండె దాదా. ఆయన మాటలు వినుకుంట తిరిగిండు. గురువు పోయినంక, గురువు మాట్లాడినట్టే రాసుకుంట కూసున్నడు."

బాబూమియా కప్పులో చాయ్ పోశాడు.

"అయితే నువ్వు సుక్రాత్‌వు పంతులూ," అన్నాడు. "కూసో, చాయ్ తాగు."

సుబ్రహ్మణ్యం మెత్తబడి కూర్చున్నాడు. కప్పు అందుకుంటూ, "ఇంతకు ఆ సుక్రాత్ ఎట్ల పోయిండు?" అని అడిగాడు.

"విషం తాగి," అంది ఫర్హీన్.

సుబ్రహ్మణ్యం కప్పులోకి చూసి, దాన్ని మియా చేతిలో పెట్టాడు. "ముందు నువ్వు తాగు."

బాబూమియా ఒక గుటక వేసి కప్పు తిరిగిచ్చి, బుట్ట తీశాడు.

"ఎత్తు ఎవరిది?" అని అడిగాడు సుబ్రహ్మణ్యం.

బాబూమియా వజీరు వైపు చూడలేదు.

"నీదే," అన్నాడు.