తోపుడు రొట్టె

యుద్ధం వల్ల బాగుపడినవాళ్ళను వరసగా నిలబెడితే తుపాకులు అమ్మినవాళ్ళు, బియ్యం దాచినవాళ్ళు ముందుంటారు. ఆ వరస చిట్టచివర, చేతికంటిన రాగిపిండి దులుపుకుంటూ, కాడుగోడి మిట్ట మీది కదిరమ్మ కూడా నిలబడాలి. ఆ యుద్ధం ఎవరికీ ఎవరికీ మధ్య జరుగుతోందో ఆమెకు తెలియదు. పెట్రోలు దొరకడం లేదని, అందుకని మాలూరు నుంచి బెంగుళూరికి పోయే బస్సు బొగ్గుతో నడుస్తోందని, ఆ బొగ్గుబస్సుకు తన గుడిసె ముందరి మిట్ట ఎక్కే శక్తి లేదని మాత్రం తెలుసు. ఆమె బతుకుతెరువుకు ఆ మాత్రం రాజకీయం చాలు.

నలభై మూడో సంవత్సరంలో ఆ బస్సును చూడనివాళ్ళు అదృష్టవంతులు. వెనకాల నిలువెత్తు ఇనుప పీపా. అందులో బొగ్గులు పోసి నిప్పు పెట్టి, పక్కనున్న చక్రం తిప్పితే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసు చదునైన దారిలో బస్సును బాగానే లాగేది, మిట్ట కనబడగానే దానికి ఆయాసం వచ్చేది. కాడుగోడి దాటి కదిరమ్మ గుడిసె ముందుకు రాగానే బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. అప్పుడు కండక్టరు ఆవులప్ప దిగి, అందర్నీ దింపి, తొయ్యమనేవాడు. టిక్కెట్టు కొన్నదీ మేమే, తోసేదీ మేమేనా అని మొదట్లో జనం గొడవ పడ్డారు. తొయ్యకపోతే ఇక్కడే ఉండండని ఆవులప్ప నిమ్మళంగా బీడీ ముట్టించేవాడు. తర్వాత అందరూ మర్యాదగా తోసేవాళ్ళు.

కదిరమ్మ, ఆమె మొగుడు సొన్నప్ప అంతకు ఏడాది ముందే బావగారింటి నుంచి వేరుపడి ఆ గుడిసెలో దిగారు. బావ ఆదినారాయణప్పకు హొసకోట దగ్గర పొలం, బండి, పెద్ద మీసం ఉన్నాయి. ఆ ఇంట్లో నీళ్ళు మోసిందీ పిండి విసిరిందీ కదిరమ్మే, ఆఖరున తిన్నదీ కదిరమ్మే. కూరలో ఉప్పు వెయ్యాలన్నా తోడికోడల్ని అడగాలి. వచ్చేసే రోజు బావ వాకిట్లో నిలబడి, ఎన్నాళ్ళో బతకలేరు, తిరిగొస్తారు, మీకోసం పొయ్యి ఆర్పకుండా పెడతామని దీవించినట్టే చెప్పాడు. తన ఉప్పు తాను వేసుకుని తినే ఈ గుడిసె వదిలి మళ్ళీ ఆ గడప తొక్కడమంటే కదిరమ్మకు చావుతో సమానం. ఇక సొన్నప్ప సంగతి. అతను మంచివాడు. మంచివాడు అన్నాక ఇంకేమీ చెప్పడానికి మిగలనంత మంచివాడు.

ఆగిన బస్సు పక్కన ఆకలితో కూర్చున్న జనాన్ని చూసి కదిరమ్మ ఒకరోజు రాగిరొట్టెలు కాల్చి, ఆకుల్లో ఊరుబిండి పచ్చడి వేసి అమ్మింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుందని సొన్నప్ప నొచ్చుకున్నాడు. రొట్టెలు మాత్రం బస్సు కదలకముందే అయిపోయాయి. వారం తిరిగేసరికి అసలు చిక్కు వచ్చింది. జనం గట్టు మీద బాసింపట్టు వేసుకుని, ఆకు ఒళ్ళో పెట్టుకుని, నింపాదిగా తింటున్నారు. తోసేవాడు లేడు. ఆవులప్పకు ఒళ్ళు మండి, బస్సు మిట్ట ఎక్కేదాకా ఇక్కడ ఒక్క రొట్టె కూడా అమ్మడానికి వీల్లేదన్నాడు. బస్సు మిట్ట ఎక్కాక అమ్మడానికి జనమెక్కడ ఉంటారు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

ఇంకొకరైతే కండక్టరు కాళ్ళు పట్టుకునేవాళ్ళు. కదిరమ్మ మూడు రోజులు ఊరికే కూర్చుని బస్సును తోసేవాళ్ళను చూసింది. ఒక చెయ్యి బస్సు మీద ఉంటుంది. రెండో చెయ్యి ఏ పనీ లేక గాలిలో ఊగుతూ ఉంటుంది. ఆ చేతిలో ఏదో ఒకటి పెడితే పోలా అనిపించింది.

చెప్పినంత సులువు కాదు. రాగిరొట్టెను చుడితే విరుగుతుంది. లోపల కూర పెడితే కిందికి జారి పంచె మీద పడుతుంది. వేడినీళ్ళతో పిండి కలిపి చూసింది, చాల్లేదు. ఉడికించిన గెనుసుగడ్డ మెదిపి పిండిలో కలిపింది. అప్పుడు రొట్టె చాపలాగా చుట్టుకుంది. లోపల అనపగింజల కూర, శెనక్కాయల పొడి వేసి, మోదుగాకులో చుట్టి, అడుగున మడిచి చీపురుపుల్లతో కుట్టింది. పైనుంచి కొరుక్కుంటూ పోతే కిందనుంచి చుక్క కారదు. ఈ పరీక్షలన్నీ జరిగినన్ని రోజులూ సొన్నప్ప ఎడమచేత్తో గుడిసె గోడను తోస్తూ కుడిచేత్తో రొట్టెలు తిన్నాడు. దారిన పోయేవాళ్ళు చూసి, వేరుకాపురం పెట్టాక పాపం మతి చెడిందని అనుకున్నారు. గోడకు ఒక పక్క మట్టి కూడా రాలింది.

ఆవులప్ప మొదట నమ్మలేదు. తింటూ తోసిన మనిషి ఊరికే తోసే మనిషికన్నా గట్టిగా తోస్తాడని కళ్ళారా చూశాక నమ్మాడు. ఒక చిక్కు మిగిలింది. ఎడమచేత్తో తినడం మనకు పనికిరాదు కాబట్టి అందరూ ఎడమచేత్తోనే తొయ్యాలనేవాళ్ళు. అలా తొయ్యాలంటే బస్సుకు కుడిపక్కనే నిలబడాలి. దాంతో కుడిపక్కనంతా తిరనాళ్ళు, ఎడమపక్క ఒక్క మనిషి లేడు. తిననివాళ్ళంతా ఎడమపక్కకు పోవాలని ఆవులప్ప చట్టం చేశాడు. నాలుగు రోజులకే తిననివాళ్ళు లేకుండా పోయారు. అప్పుడు ఆవులప్ప కూడా ఒక రొట్టె కొనుక్కుని ఆలోచన మానేశాడు.

తోపుడు రొట్టె అని పేరు పెట్టింది ఆకుల వ్యాపారి చిక్కమునియప్ప. రోజూ తమలపాకుల బుట్టతో బెంగుళూరికి పోయే ఈ పెద్దమనిషి, తొయ్యకుండా తింటే దానికి రుచి ఉండదని వాదించేవాడు. పక్కనే రైలు ఉన్నా మానుకుని, ఆగిపోతుందన్న నమ్మకంతో ఈ బస్సే ఎక్కేవాడు. అతన్ని చూసి ఇంకొందరు ఎక్కారు. ఒక పొయ్యి నాలుగు పొయ్యిలయింది. గుడిసె మీదికి రేకులు వచ్చాయి. పిండి కలపడానికి ఊళ్ళోంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. కూరలో ఉప్పెంత వెయ్యాలని వాళ్ళు కదిరమ్మను అడిగేవాళ్ళు. ఆ మాట వినబడినప్పుడల్లా ఆమెకు లోపల ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

యుద్ధం ముగిసిందని ఊళ్ళో టపాకాయలు కాల్చారు. కదిరమ్మ కూడా సంతోషించి ఆ రోజు అందరికీ బెల్లం పంచింది. తన నోట్లో తానే మన్ను కొట్టుకుంటున్నానని ఆమెకేం తెలుసు? కొన్నాళ్ళకు పెట్రోలు వచ్చింది. బస్సు యజమాని ఇనుప పీపాను పాతసామాన్లకు వేసి, బస్సుకు ఆకుపచ్చ రంగు కొట్టించాడు. మర్నాడు అది హారను మోగించుకుంటూ మిట్ట ఎక్కి, అలాగే పోయింది. కిటికీలోంచి చిక్కమునియప్ప తల మాత్రం వెనక్కి తిరిగి చాలాసేపు కనబడింది.

ఆ రోజు రొట్టెలు ఇంట్లోవాళ్ళే తిన్నారు, మర్నాటివి కుక్కలు తిన్నాయి. దారికి అడ్డంగా రాళ్ళు పెడదామని సొన్నప్ప సలహా ఇచ్చాడు. అతని జన్మలో అదొక్కటే సలహా, అదీ జైలుకు పోయేది. కదిరమ్మ అంతకన్నా మర్యాదైన దారి పట్టి, బస్సు ఆగిపోతే టెంకాయ కొడతానని గంగమ్మకు మొక్కుకుంది. బస్సు ఆగింది. ఇక్కడ కాదు, హూడి దగ్గర, ఎవరో బొరుగులమ్మే ఆమె అంగడి ముందు, టైరు పేలి. ఆమె బొరుగులన్నీ క్షణంలో అమ్ముడుపోయాయట. మొక్కులో ఊరి పేరు చెప్పకపోవడం కదిరమ్మ తప్పే. దేవత తన మాట నిలబెట్టుకుంది కాబట్టి టెంకాయ కొట్టక తప్పలేదు.

నెల తిరిగేసరికి పిండి కలిపే ఆడవాళ్ళు రావడం మానేశారు. వార్త హొసకోట చేరింది. ఒక సాయంత్రం ఆదినారాయణప్ప ఎద్దులబండి తోలుకుని వచ్చి గుడిసె ముందు దిగాడు. లోపలికొచ్చి, ఏ సామాను బండిలో ఎక్కడ పెట్టాలో కళ్ళతోనే చూసుకున్నాడు. దయగానే మాట్లాడాడు. ఆ దయే భరించలేకపోయింది కదిరమ్మ.

“ఏమ్మా, యుద్ధం అయిపోయ కదా. ఇంగ ఇంటికి పోదాం పదండి. మీ అక్క పొయ్యి ఆర్పకుండానే పెట్టుండాది.”

సొన్నప్ప అప్పటికే చాప చుట్టడం మొదలుపెట్టాడు. కదిరమ్మ బయటికి వచ్చి దారి పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడే బెంగుళూరు నుంచి తిరిగొచ్చే బస్సు దిగుడులో వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె ఆ బస్సు లేపే దుమ్మునే చూసింది, దుమ్మునే తిట్టింది. ఈసారి బస్సును చూసింది. పెట్రోలు వచ్చి బస్సు జోరందుకున్నాక జనం రెండింతలయ్యారు. కూర్చున్నవాళ్ళకన్నా నిలబడ్డవాళ్ళే ఎక్కువ, మెట్టు మీద వేలాడేవాళ్ళు ఇంకా ఎక్కువ. అందరూ ఎడమచేత్తో కమ్మీ పట్టుకున్నారు. కుడిచేతులన్నీ ఏ పనీ లేక ఊగుతున్నాయి.

ఆమె లేచి, కళ్ళు తుడుచుకుని, సామాను రేపు మధ్యాహ్నం ఎక్కిద్దామని బావకు చెప్పి, గెనుసుగడ్డలు ఉడకేసింది.

పొద్దున బస్సుకు చెయ్యెత్తి పెద్ద గంపతో ఎక్కింది. ఇంటి కోడలు గంపెత్తుకుని బెంగుళూరు వీధుల్లో తిరగడమేమిటని ఆదినారాయణప్ప కోపంతో, ముద్ద కూడా తినకుండా, వెనకాలే ఎక్కాడు. ఎక్కినవాడికి నిలబడడానికి ఒంటికాలి చోటు దొరికింది. ఆవులప్ప మనిషికొక టిక్కెట్టు, గంపకొక టిక్కెట్టు కొట్టాడు. బస్సులో అమ్మకాలు కూడవని చెప్పబోయాడు గాని, గంప మీది గుడ్డ తీసేసరికి ఆ వాసనకు అతని నోట్లో నీళ్ళూరి మాట ఆగిపోయింది. చిక్కమునియప్ప జనంలోంచి చెయ్యి చాచి మొదటి రొట్టె అందుకున్నాడు. మిట్ట వచ్చింది. బస్సు హాయిగా ఎక్కుతుంటే ఆ పెద్దమనిషి రొట్టె కొరుకుతూ, పాత అలవాటు కొద్దీ ముందు సీటును భుజంతో గట్టిగా తోశాడు. ఆ సీట్లో కూర్చున్న ప్లీడరు గుమాస్తా ముందుకు తూలాడు.

వైట్‌ఫీల్డు దాటేసరికి ఊగే చేతులన్నింట్లో మోదుగాకులున్నాయి. ఆదినారాయణప్ప చేతిలో లేదు. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ గుటకలు మింగుతున్నాడు. చుట్టూ ముప్పైమంది నములుతుంటే మీసం మాత్రం ఎంతసేపు బిగిసి ఉంటుంది? హూడి దగ్గర కదిరమ్మ ఒకటి అతని చేతిలో పెట్టింది. వద్దందామంటే చెయ్యి అడ్డం పెట్టాలి, రెండో చెయ్యి కమ్మీకి అంకితం. ఏం చేస్తాడు, తిన్నాడు. కొంచెం సేపటికి, ఇటు చూడకుండానే, ఖాళీ చెయ్యి ఇటు చాపాడు.

బెంగుళూరు కలాసిపాళ్యంలో దిగేటప్పుడు గంపలో ఆకుముక్క కూడా లేదు. బస్సెక్కడానికి కాచుకున్నవాళ్ళు దిగేవాళ్ళ చేతుల్లో ఉన్నదేమిటని, ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. రేపు ఇదే బస్సులో తెస్తానని కదిరమ్మ గొంతెత్తి అందరికీ చెప్పింది. ఆదినారాయణప్ప పక్కన నిలబడి మీసానికంటిన శెనక్కాయల పొడి తుడుచుకున్నాడు. ఇంటి పెద్దగా ఏదో ఒకటి అనాలి కాబట్టి, గొంతు సవరించుకున్నాడు.

“అట్లయితే మధ్యాన్నానికి బండి కట్టల్నా, వద్దా?”

“కట్టండి బావా,” అంది కదిరమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుంటూ. “మాలూరు సంతకు పోయి రాగిమూటలు తేవల్ల. ఇంట్లో ఉండేటివి రేపటికే చాలవు.”