బుట్టలో ఎక్కిన ఇంజిన్

ఆగతీనోకి ఇల్లే జైలు. కోర్టు అలాగే తీర్పిచ్చింది. బాల్కనీ వరకు రావచ్చు, గడప మాత్రం దాటకూడదు. పోలీసులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి గంట కొడతారు. స్నానంలో ఉన్నా సరే, సబ్బు నురగతోనే పరిగెత్తి తలుపు తీసి మొహం చూపించాలి.

చేసిన ఘనకార్యం చిన్నదేం కాదు. ఎట్నా కొండ రోడ్డు మీద పందెం వేసుకుని కారు తోలుతూ, ఆపమని చెయ్యెత్తిన పోలీసుల పక్కనుంచే దూసుకుపోయాడు. మూడో మలుపులో పిస్టన్ కరిగి ఇంజిన్ పొగ కక్కింది కాబట్టి దొరికాడు. లైసెన్సు ఊడింది. ఆ ఎర్ర యూనో టర్బో కారు భార్య వెనేరా పేరు మీద ఉండబట్టి తిరిగొచ్చింది. ఇప్పుడది ఎదురుగా ఉన్న మెకానిక్ చిరీనో గ్యారేజీలో, బానెట్ తెరుచుకుని, పళ్ళూడిన నోరులా ఉంది. బాల్కనీలోకి వస్తే అతనికి కనిపించేది అదొక్కటే.

వెనేరా పనిచేసే యాపిళ్ళ షెడ్డు కొండ మీద ఉంది. రోజూ నడిచి ఎక్కేసరికి ఆలస్యమవుతోంది. ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని మేస్త్రీ చెప్పేశాడు. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. కారులో ఏదో ఒక ఇంజిన్ పడాలి. ఏ ఇంజిన్ అన్న దగ్గరే అంతా ఆగిపోయింది.

"ఒరే తీనో, రెండు లీటర్ల టర్బో ఒకటి దొరికిందిరా," అని కిందనుంచి చిరీనో అరిచేవాడు. "అది పెట్టామంటే కొండ మీద నీ ముందు ఎవడూ ఉండడు."

"కారు ముక్కు బరువెక్కిపోతుందిరా. మలుపులో తిరక్కుండా నేరుగా గోడలోకి పోతుంది," అనేవాడు ఆగతీనో పైనుంచి.

కింద వాటాలో ఉండే చిచ్చీనా అత్త గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూ తలెత్తేది. "ఆ మూల పడున్న పాండా కారు చిన్నింజిన్ పెట్టి తగలెయ్యండిరా. టర్బో లేకపోతే చక్రాలు తిరగవా? ఆ పిల్ల కాళ్ళు ఎలా వాచాయో చూశావా?"

"పాండా ఇంజినా? దానికంటే గాడిదను కట్టు అత్తా."

"గాడిదే నయం. పోలీసులు ఆపమంటే ఆగుతుంది."

వీధంతా నవ్వింది. ఆగతీనో కూడా నవ్వాడు కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంది. పాండా ఇంజిన్ పెట్టడం వారం తిరక్కుండా అయ్యే పని. అతనికి తెలుసు. అయినా నోటమ్మట ఆ మాట రాలేదు. ఆ చిన్న ఇంజిన్ పడిందంటే అది ఇక అందరి కార్లలాంటి కారే. బానెట్ కింద ఆ గుంత ఖాళీగా ఉన్నన్నాళ్ళూ బయట తన కోసం ఏదో ఒకటి ఎదురుచూస్తోందని అనిపించేది. అది స్వార్థమని తెలిసి సిగ్గుపడేవాడు, మళ్ళీ మర్నాడు అలాగే నోరు మూసుకునేవాడు.

చివరికి వెనేరాయే తేల్చేసింది. ఒకరోజు చెప్పులు విడుస్తూ, "పాత టర్బో ఇంజిన్నే విప్పి మళ్ళీ కట్టు. ఇక్కడే, వంటింట్లో," అంది.

"మరి నీ షెడ్డు?"

"ఇంకో గంట ముందు లేచి నడుస్తాను. నువ్వు సరిగ్గా కట్టు, అంతే."

ఇంజిన్ దిమ్మను చిరీనో భుజం మీద వేసుకుని మూడంతస్తులూ ఎక్కించాడు. మిగతావన్నీ బాల్కనీలోంచి రొట్టెల కోసం దించే తాడుబుట్టలో ఒక్కొక్కటీ పైకొచ్చాయి. భోజనాల బల్ల ఇంజిన్‌కి పోయింది, భోజనం వాషింగ్ మెషీన్ మీదికి మారింది. కొత్త పిస్టన్లు బిగిస్తూ ఆగతీనో జైలు సంగతే మర్చిపోయాడు. వెనేరా పక్కన నిలబడి అడిగేది. ఇదెందుకు, అదెందుకు, టర్బో ఎప్పుడు అందుకుంటుంది, మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఏమవుతుంది. తనని సంతోషపెట్టడానికే అడుగుతోందనుకుని అతను గంటలకొద్దీ చెప్పేవాడు.

పూర్తయ్యాక నలుగురు మనుషులు ఆ ఇంజిన్‌ను, పండగనాడు పునీతురాలి విగ్రహాన్ని మోసినట్టు, మెట్లు దించారు. చిచ్చీనా అత్త శిలువ గుర్తు వేసుకుంది. చిరీనో దాన్ని కారులో బిగించాడు.

"నేను బయటికొచ్చేదాకా కారు మీద పట్టా కప్పి ఉంచరా," అని ఆగతీనో పైనుంచి పురమాయించాడు.

మర్నాడు పొద్దున్నే ఆ ఇంజిన్ గొంతు విని కాఫీ వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తాడు. స్టీరింగు వెనకాల వెనేరా.

"ఏం చేస్తున్నావే?"

"పనికి వెళ్తున్నాను."

"అది నీ వల్ల కాదు. మధ్యలో ఒక్కసారిగా లాగేస్తుంది."

"మీటరు మూడు వేల దగ్గర లాగుతుంది. మలుపులో కాలు తియ్యకూడదు. నువ్వే చెప్పావుగా."

"దిగు వెనేరా. పాండా ఇంజిన్ పెట్టిస్తాను. ఇవాళే."

"అది నాకు కావలసినప్పుడు నువ్వు పెట్టించలేదు. ఇప్పుడు నాకిదే కావాలి." ఆమె తలెత్తి చూసింది. "నువ్వు కొండ పైకి తోలిన ప్రతిసారీ నేనా బాల్కనీలోనే నిలబడి విన్నాను. ఏ మలుపులో ఏ చప్పుడొస్తుందో నాకు తెలుసు. నీకు తెలీదు. నువ్వు లోపల ఉండేవాడివి."

కారు వెళ్ళిపోయింది. అతను కటకటాలు పట్టుకుని చెవులు రిక్కించాడు. బేకరీ మలుపు. గేరు దించింది. బాగానే దించింది. రెండో మలుపులో టర్బో ఈల వేసింది. తన చేత్తో బిగించిన ప్రతి బోల్టూ గుర్తొచ్చింది. ఆ తర్వాత మూడో మలుపు. చప్పుడు ఆగిపోయింది.

అప్పుడే గంట మోగింది.

అతను కదల్లేదు. మళ్ళీ మోగింది. తియ్యకపోతే అసలు జైలే. వెళ్ళి తలుపు తీశాడు.

"ఇంట్లోనే ఉన్నావా?" అన్నాడు పోలీసాయన.

"ఇక్కడే ఉన్నాను సార్."

"ఏంటయ్యా, మొహం అలా పాలిపోయింది?"

"మా ఆవిడ కారు తీసుకుని కొండెక్కింది సార్. చప్పుడు వినిపించడం లేదు."

"సాయంత్రం వస్తుందిలే. సంతకం పెట్టు."

తల బాల్కనీ వైపు తిప్పుకునే సంతకం పెట్టాడు. తలుపు వేసి మళ్ళీ పరిగెత్తాడు. కొండ మీదినుంచి ఏ చప్పుడూ లేదు. ఎండ గోడ దిగి వీధిలోకొచ్చినా అతను అలాగే నిలబడి ఉన్నాడు.

కిందనుంచి చిచ్చీనా అత్త తలెత్తి చూసింది.

"కుర్చీ వేసుకో నాయనా," అంది. "ఆ పిల్ల కూడా మొదట్లో నిలబడే ఉండేది."